తెలుగు సాహిత్యంతో సొంత పేక తయారీ: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు నాటకమో కావ్యమో శతకమో ఆధారంగా పేక ముక్కల కట్ట తయారు చేయాలనుకునేవారిలో మనుషులు మారుతుంటారు గానీ సందేహాలు మారవు. అందుకే వాటిని ఒకచోట చేర్చాను. ఉదాహరణలు ఎక్కువగా గురజాడ ‘కన్యాశుల్కం’ నుంచి తీసుకున్నాను. దాని మీద హక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది, పాత్రలు అందరికీ తెలిసినవి, వాటి సంఖ్య కూడా పేకకు సరిపోతుంది. ప్రశ్నలను తయారీ దశల ప్రకారం విభజించాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టవచ్చు.

## మొదలుపెట్టే ముందు

సాహిత్యాన్ని పేక మీదకు ఎక్కిస్తే పెద్దవాళ్లు తప్పు పట్టరా?

ఈ పొత్తు చాలా పాతది. ఫ్రాన్సు పేకలో బొమ్మ ముక్కలకు శతాబ్దాలుగా పేర్లున్నాయి: ఇస్పేటు రాజు డేవిడ్, కళావరు రాజు అలెగ్జాండర్, డైమన్ జాకీ ట్రాయ్ వీరుడు హెక్టర్, కళావరు జాకీ లాన్సెలాట్. జర్మనీలోని ట్యూబింగెన్‌లో కోటా అనే ప్రచురణకర్త 1805 సంవత్సరానికి వేసిన పేకలో షిల్లర్ రాసిన జోన్ ఆఫ్ ఆర్క్ నాటకంలోని పాత్రలను బొమ్మ ముక్కలుగా దింపాడు. మన దగ్గర గంజిఫా అనే పాత పేక ఉంది. గుండ్రటి ముక్కల మీద చేత్తో బొమ్మలు వేసేవారు. దశావతార గంజిఫాలో అవతారానికి పన్నెండు చొప్పున 120 ముక్కలు. నిర్మల్ చిత్రకారులు కూడా గంజిఫా వేసినవారే. కన్యాశుల్కంలోనైతే మధురవాణి కూర్చుని ఆడే పేకాట సన్నివేశమే ఉంది. పెద్దవాళ్లకు నచ్చనిది పందెం. ముక్కల మీద వాళ్లకు పగ ఏమీ లేదు. ఆ తేడా చెప్పి చూడండి, మెత్తబడతారు.

ఏ పుస్తకం ఎంచుకోవాలి?

ఇష్టమైన పుస్తకం అని మొదలుపెడితే మధ్యలో ఇరుక్కుంటారు. ముందు లెక్క వేయండి. బొమ్మ ముక్కలు పన్నెండు, వాటిలో నాలుగు రాణులు. అంటే కథలో తనదైన పని ఉన్న స్త్రీలు కనీసం నలుగురు కావాలి. చాలా ప్రబంధాలు ఇక్కడే తేలిపోతాయి. నాయిక ఉంటుంది, చెలికత్తెలు ఉంటారు, నాలుగో రాణి దొరకదు. పంచకావ్యాలు తీసుకుంటే పుస్తకాలు ఐదు, గుర్తులు నాలుగు. అష్టదిగ్గజాలు ఎనిమిది మందీ మగవాళ్లే.

కవులతోనే పేక వేయాలనుకుంటే రాణుల విషయంలో చక్కని దారి ఉంది. రామాయణం రాసిన మొల్ల, ‘సుభద్రా కల్యాణం’ రాసిన తాళ్లపాక తిమ్మక్క, తంజావూరు నాయక రాజుల కొలువులోని రంగాజమ్మ, ‘రాధికా సాంత్వనం’ రాసిన ముద్దుపళని. నలుగురూ నాలుగు రాణులు. ఆ నలుగురినీ ముందు కూర్చోబెట్టి, రాజులను తరువాత వెతుక్కోండి.

శతకంతో పేక చేయవచ్చా? ముక్కకో పద్యం బాగుంటుంది కదా?

వినడానికి బాగుంటుంది, ఆడేటప్పుడు విసుగు పుట్టిస్తుంది. చేతిలో పదమూడు ముక్కలు విప్పి పట్టుకున్నవాడికి నాలుగు పాదాల పద్యం కనపడదు, కనపడినా అప్పుడు చదవడు. పైగా శతకంలో ముఖాలు లేవు కాబట్టి రాజు, రాణి, జాకీలను మీరే కల్పించుకోవాలి. శతకం మీద అంత మమకారం ఉంటే పద్యం మొత్తం కాకుండా, పద్యంలోని వస్తువును బొమ్మగా వేయండి. వేమన పద్యాల్లో ఉప్పు, కర్పూరం, కుక్క, ఏనుగు, కంచు, కనకం అన్నీ దొరుకుతాయి. పద్యాలను పెట్టెలో చిన్న కరపత్రంగా పెట్టండి.

ఆ పుస్తకం చదవనివాళ్లు కొంటారా?

ఆడుకోవడానికి వీలుగా ఉంటే కొంటారు. పుస్తకం చదివినవాళ్లకు మాత్రమే అర్థమయ్యే పేకను చదివినవాళ్లు కూడా ఒకసారి చూసి బీరువాలో పెడతారు. రాత్రి పదకొండు గంటలకు, పెళ్లివారింట, మసక దీపం కింద కూడా ఆఠీను ఏడు ఆఠీను ఏడులాగానే కనపడాలి. మిగతా చమత్కారమంతా దాని తరువాతే.

దేవుళ్ల బొమ్మలు వేయవచ్చా?

సంప్రదాయంలో ఉంది. దశావతార గంజిఫా అంటేనే విష్ణువు అవతారాలు. అయితే ఇప్పటి పేక నేల మీద పడుతుంది, కాలు తగులుతుంది, ఎక్కడో ఒకచోట పందెంలోకీ వెళుతుంది. కొన్నవాళ్లలో ఒకరికి మనసు కష్టపడినా మీకు సమాధానం చెప్పే ఓపిక ఉండాలి. భారతం మీద పేక చేయాలంటే కృష్ణుణ్ణి పక్కన పెట్టి కౌరవ పాండవ పాత్రలతో నడపవచ్చు. జూదంలో సర్వం పోగొట్టుకున్న ధర్మరాజును ముక్క మీద చూసి ఆటగాళ్లు నవ్వుకుంటారు, కొందరు జాగ్రత్త కూడా పడతారు.

## ఎవరు ఏ ముక్క

పాత్రలను నాలుగు గుర్తులకు ఎలా పంచాలి?

మంచివాళ్లు ఎరుపు, చెడ్డవాళ్లు నలుపు అనే పంపకం అందరికీ మొదట తోస్తుంది. అక్కడే ఆగిపోకండి. కన్యాశుల్కం వంటి నాటకాన్ని అలా పంచితే దాని ప్రాణం పోతుంది, ఎందుకంటే అందులో పూర్తి మంచివాళ్లూ పూర్తి చెడ్డవాళ్లూ తక్కువ.

నేను ఊళ్లను బట్టి పంచుతాను. ఆ కథ నాలుగు చోట్ల నడుస్తుంది. ఇస్పేటు విజయనగరం: రాణి పూటకూళ్లమ్మ, జాకీ గిరీశం. ఆఠీను కృష్ణరాయపురం అగ్రహారం: రాజు అగ్నిహోత్రావధానులు, రాణి బుచ్చమ్మ, జాకీ వెంకటేశం. డైమన్ రామచంద్రపురం అగ్రహారం: రాజు లుబ్ధావధానులు, రాణి మీనాక్షి, జాకీ రామప్పంతులు. పిసినారికి డైమన్ తగిన గుర్తు కూడా. కళావరు విశాఖపట్నం: రాజు సౌజన్యారావు పంతులు, రాణి మధురవాణి, జాకీ కరటకశాస్త్రి.

విజయనగరానికి రాజు ఎవరన్నది మిగిలిన చిక్కు. పాత్రల్లో సరైనవాడు లేడు. గురజాడకు ఆశ్రయమిచ్చిన ఆనంద గజపతి మహారాజును అక్కడ కూర్చోబెడతాను. కథలో లేని మనిషిని తెచ్చారని కొందరు కోప్పడతారు. నాటకం 1892లో మొదట రంగస్థలం ఎక్కిన ఊరికి ఆయనే రాజు, నాకు ఆ కారణం చాలు.

గిరీశం నాటకానికే రాజు కదా, జాకీ చేయడం అన్యాయం కాదా?

గిరీశానికి రాజరికం ఇస్తే అతని గొప్పలను మనమూ నమ్మినట్టే. జాకీ అంటే రాజు పక్కన నిలబడి రాజు కంటే ఎక్కువ మాట్లాడేవాడు. గిరీశం చేసేది అదే. ఇంకో సంగతి, తెలుగువాళ్లు పనికిమాలిన దర్జాగాణ్ణి ‘ఇస్పేటు జాకీ’ అని వెక్కిరిస్తారు. ఆ ముక్క మీద చేతిలో చుట్టతో గిరీశం కనపడితే వివరణ అవసరం లేదు. ఏ పాత్రకు ఏ హోదా ఇచ్చారన్నదే ఆ పుస్తకం మీద మీ అభిప్రాయం. దాన్ని అభిమానుల ఓట్లకు వదిలేస్తే మీ పేక చప్పగా తయారవుతుంది.

మధురవాణి విజయనగరం మనిషి. విశాఖపట్నం రాణి ఎలా అవుతుంది?

మొదట కనపడేది విజయనగరంలో, తరువాత రామచంద్రపురంలో, చివరకు విశాఖపట్నంలో. పాత్రను ఎక్కడ మొదలైందో అక్కడ పెట్టవచ్చు, ఎక్కడికి చేరిందో అక్కడా పెట్టవచ్చు. మధురవాణి విషయంలో చేరిన చోటే ముఖ్యమని నా ఉద్దేశం, సౌజన్యారావు ఎదుట ఆమె నిలబడిన చోటు అది. ఆమె చేతిలో ఆయన ఇచ్చిన భగవద్గీత ఉంచండి. విజయనగరంలో ఖాళీ అయిన రాణి స్థానం పూటకూళ్లమ్మకు దక్కుతుంది. చేతిలో చీపురుతో ఆమె గిరీశం ఉన్న గుర్తుకే రాణి కావడం కూడా న్యాయమే.

జోకరుగా ఎవరిని పెట్టాలి?

హాస్యపాత్రను జోకరు చేయడం మామూలుగా చేసే పని. కానీ ఆటలో జోకరు పని నవ్వించడం కాదు, లేని ముక్క స్థానంలో కూర్చోవడం. కథలో అలా మరొకరి స్థానంలో కూర్చున్నది ఎవరో చూడండి. కన్యాశుల్కంలో కరటకశాస్త్రి శిష్యుడు మహేశం ఆడపిల్ల వేషం కట్టి లుబ్ధావధానులుకు పెళ్లికూతురవుతాడు. అంతకంటే సరైన జోకరు తెలుగు సాహిత్యంలో దొరకడం కష్టం. ఒక జోకరు మీద శిష్యుడిగా, రెండో దాని మీద పెళ్లికూతురిగా వేయండి. భారతమైతే విరాటపర్వంలోని బృహన్నల ఉన్నాడు.

ఆసు మీద ఏముండాలి? ఉత్త గుర్తు వేస్తే సరిపోదా?

సరిపోతుంది. ఇస్పేటు ఆసును ఆడంబరంగా వేయడం మాత్రం ఇంగ్లండులో పేక మీద పన్ను వేసిన రోజుల నుంచి వచ్చిన అలవాటు. పన్ను కట్టిన ముద్ర ఆ ముక్క మీదే ఉండేది. ఇప్పుడు అక్కడ కట్ట పేరు, తయారీదారు గుర్తు వేస్తున్నారు, మీరూ వేసుకోండి.

మిగతా మూడు ఆసులతో ఏదైనా చెప్పవచ్చు. రమ్మీలో ఆసు రెండుకు కిందా నిలుస్తుంది, రాజుకు పైనా నిలుస్తుంది. కన్యాశుల్కంలో అలాంటి మనిషి సుబ్బి. ఇంట్లో అందరికంటే చిన్నది, ఆమె మాట అడిగేవాళ్లు లేరు, కథంతా ఆమె పెళ్లి చుట్టూనే తిరుగుతుంది. ఆఠీను ఆసు మీద సుబ్బిని వేస్తే చదివినవాడు ఒక్క క్షణం ఆగుతాడు.

రెండు నుంచి పది దాకా ముప్పై ఆరు ముక్కలు. వాటన్నిటికీ బొమ్మలు కావాలా?

అక్కర్లేదు. బొమ్మలు పెరిగేకొద్దీ కంటికి అలసట, చిత్రకారుడికి ఇవ్వాల్సిన డబ్బు రెండూ పెరుగుతాయి. మామూలుగా గుర్తులు అమర్చి, రంగులో, గుర్తు గీతలో మాత్రం మీ పుస్తకం కాలపు ఛాయ చూపితే చాలు. కొంచెం సాహసం చేయాలనుకుంటే గుర్తులనే బొమ్మలో భాగం చేసే పాత ఐరోపా పద్ధతి ఉంది. నాలుగు డైమన్‌లు కంటెలో పొదిగిన రాళ్లవుతాయి, మూడు కళావరులు అగ్రహారం చెట్ల గుబుర్లవుతాయి. గుర్తుకో ముక్క చొప్పున చేసి చూడండి. ముప్పై ఆరూ అలా చేయబోతే పదో ముక్క దగ్గర ఊహ అయిపోతుంది.

ఇస్పేటు, ఆఠీను బదులు చుట్ట, కంటె వంటి కొత్త గుర్తులు పెట్టవచ్చా?

పెట్టవచ్చు, ఎవరూ ఆడరు. కొత్త గుర్తును మెదడు ప్రతిసారీ అనువదించుకోవాలి, ఆట మందగిస్తుంది. పాత నాలుగు గుర్తుల ఆకారం, ఎరుపు నలుపు రంగులు అలాగే ఉంచి లోపలి నకాషీ మార్చుకోండి.

## బొమ్మలు, అక్షరాలు

బొమ్మ ముక్క రెండు వైపులా తలలతో ఉండాలా? నిలువెత్తు బొమ్మ అందంగా ఉంటుంది కదా.

అందంగానే ఉంటుంది. అయితే తలకిందులుగా వచ్చిన రాజును ఆటగాడు తెలియకుండానే తిప్పుకుంటాడు, ఎదుటివాడు ఆ తిప్పడం చూసి చేతిలో బొమ్మ ముక్క ఉందని పసిగడతాడు. రెండు తలల పద్ధతి నిలిచిపోవడానికి ఇదొక కారణం. దాన్ని అడ్డంకి అనుకోకుండా వాడుకోవచ్చు కూడా. పైన ఒక ముఖం, కింద అదే మనిషి ఇంకో ముఖం. రామప్పంతులు పైన దర్జాగా, కింద మంచం చాటున నక్కి ఉంటే అది నాటకానికి వ్యాఖ్యానమే.

మూలన తెలుగు అంకెలు వేయాలా, 1, 2, 3 వేయాలా?

1, 2, 3 వేయండి. తెలుగు అంకెలు ఇప్పుడు చాలామంది తడుముకోకుండా చదవలేరు. విదేశాల్లో పెరిగిన పిల్లలకు అసలే రావు. తెలుగు అంకెల మీద ప్రేమ ఉంటే వాటిని ముక్క మధ్యలో అలంకారంగా పెద్దగా వేయవచ్చు. బొమ్మ ముక్కలకు తెలుగు అక్షరం పెట్టాలంటే ఒక ఇబ్బంది ఉంది: రాజుకూ రాణికీ మొదటి అక్షరం ‘రా’నే. ‘రా’, ‘ణి’, ‘జా’, ‘ఆ’ అని పెడితే గందరగోళం తప్పుతుంది. దాని పక్కన చిన్నగా కె, క్యూ, జె ఇంగ్లిషు అక్షరాలు ఉంచడం సిగ్గుపడాల్సిన పని కాదు. ముక్కలను విప్పి పట్టుకుంటే ఎడమ పై మూలే కనపడుతుంది. ఎడమచేతి వాటం వాళ్ల కోసం నాలుగు మూలలా వేస్తే ఇంకా మంచిది.

ఏ ఫాంటు వాడాలి? ఒత్తులు విడిపోతున్నాయి, ఏం చేయాలి?

గూగుల్ ఫాంట్స్‌లో ‘గురజాడ’ పేరుతోనే ఒక తెలుగు ఫాంటు ఉంది. రామభద్ర, మల్లన్న, ధూర్జటి, మండలి కూడా అక్కడే దొరుకుతాయి. అవి స్వేచ్ఛా లైసెన్సులో ఉన్నాయి కాబట్టి అమ్మే వస్తువు మీదా వాడుకోవచ్చు. మూల అక్షరాలకు రామభద్ర వంటి లావు ఫాంటు పనికొస్తుంది. డీటీపీ సెంటర్లలోని పాత ఫాంట్లు వాడాలంటే వాటి లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో అడగండి.

ఒత్తులు విడిపోవడానికి చాలాసార్లు కారణం సాఫ్ట్‌వేరు అమరిక. ఇలస్ట్రేటర్, ఇన్‌డిజైన్‌లలో పేరాగ్రాఫ్ అమరికలో ‘వరల్డ్ రెడీ కంపోజర్’ ఎంచుకుంటే తెలుగు సరిగ్గా కూర్చుంటుంది. అచ్చుకు పంపే ముందు అక్షరాలన్నిటినీ అవుట్‌లైన్లుగా (ఫాంటు అవసరం లేని గీతల బొమ్మలుగా) మార్చి, తెలుగు చదవగలిగిన ఇంకో మనిషికి చూపించండి.

చేర్యాల బొమ్మల శైలి బాగుంటుందా?

పుస్తకాన్ని బట్టి. చేర్యాల నకాషీలో ఎర్రని నేపథ్యం, పురాణ కథల పటాలు ప్రధానం. భారతానికి, జానపద పురాణాలకు నప్పుతుంది. రామాయణానికి తోలుబొమ్మల గీత ఉంది. కన్యాశుల్కం ఉత్తరాంధ్ర కథ కాబట్టి ఆ చుట్టుపక్కలదే అయిన ఏటికొప్పాక లక్కబొమ్మల గుండ్రటి ఆకారాలు, మెరిసే రంగులు నాకు ఎక్కువ ఇష్టం. ఒక జాగ్రత్త: చేర్యాల, ఏటికొప్పాక రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. అక్కడి కళాకారులతో వేయించకుండా పెట్టె మీద ఆ పేరు వేసుకోకూడదు. వాళ్లతోనే వేయించి వాళ్ల పేరు కూడా వేస్తే ఇంకేం కావాలి?

వెనక వైపు బొమ్మ ఎలా ఉండాలి?

తిప్పినా ఒకేలా ఉండాలి. లేకపోతే ఏ ముక్క తిరగబడిందో చూసి గుర్తుపట్టేస్తారు. అంచున సన్నని తెల్ల గీత వేస్తే కోత అర మిల్లీమీటరు తప్పినా బయటపడుతుంది. అంచు వెడల్పుగా వేయండి, లేదా అంచు దాకా డిజైను పాకించండి.

ఏఐతో బొమ్మలు వేయించుకుంటే ఖర్చు తగ్గుతుంది కదా?

తగ్గుతుంది. కానీ పన్నెండు బొమ్మలూ ఒకే చేతివాటంలా రావు, తెలుగు అక్షరాలు చిక్కుపడతాయి, విజయనగరం పంతులుగారికి రాజస్థానీ తలపాగా చుడుతుంది. ముక్కల కూర్పు ఎలా ఉండాలో ఊహించుకోవడానికి వాడుకోండి. అసలు బొమ్మ ఆ కాలపు పంచెకట్టు, చీరకట్టు తెలిసిన మనిషి వేయాలి.

## పేరు పెట్టడం

పుస్తకం పేరే పేకకు పెట్టేయవచ్చా?

హక్కుల గడువు తీరిన పుస్తకమైతే అడ్డు లేదు. అయినా నేను వద్దంటాను. పుస్తకం పేరు పెడితే కొనేవాడు పుస్తకమే అనుకుంటాడు, వెతికేవాడికి పుస్తకమే కనపడుతుంది. పుస్తకం లోపలి నుంచి ఒక చోటో వస్తువో తీయండి. కన్యాశుల్కంలో మధురవాణి కంటె చేతులు మారుతూ ఊరందరికీ చిక్కులు తెచ్చిపెడుతుంది. చేతులు మారడమే పేక పని కాబట్టి ‘మధురవాణి కంటె’ పెట్టెకు దర్జాగా నప్పుతుంది. ‘పూటకూళ్లిల్లు’ కూడా మంచి పేరే, నలుగురూ చేరే చోటు. ‘కన్యాశుల్కం ప్రీమియం లెగసీ ఎడిషన్’ వంటి పేర్లు మాత్రం దయచేసి పెట్టకండి.

పేరు బాగుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

పక్కగదిలో ఉన్న మనిషికి వినపడేలా ‘ఆ ఫలానా పేక ఇటు తీసుకురా’ అని ఒకసారి పిలిచి చూడండి. నోరు తిరగకపోతే, అవతలివాళ్లు ‘ఏది?’ అని రెండుసార్లు అడిగితే, ఆ పేరు వదిలేయండి. తరువాత దాన్ని ఇంగ్లిషు అక్షరాల్లో ముగ్గురితో రాయించండి. ముగ్గురూ మూడు రకాలుగా రాస్తే అంతర్జాలంలో మిమ్మల్ని ఎవరూ కనుక్కోలేరు. చివరగా, పేరును పెట్టె పక్క అంచు మీద రాసి చూడండి. అక్కడి వెడల్పు రెండు సెంటీమీటర్ల లోపే ఉంటుంది, పొడవైన సమాసాల సంగతి అక్కడ తేలిపోతుంది.

పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకోవచ్చా?

పేక ముక్కలు 28వ తరగతి కిందికి వస్తాయి. ముందు ఆ తరగతిలో అలాంటి పేరు ఉందేమో ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో వెతకండి. మతగ్రంథాల పేర్లు సొంతం చేసుకోవాలని చూడకండి. ‘రామాయణ్’ అనే మాటను అగరుబత్తీల మీద ఒక్కరి సొత్తుగా నమోదు చేయడం కుదరదని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. కొద్ది కట్టలే అచ్చు వేసేవారికి నమోదు తొందర లేదు. పేరు ఇంకొకరిది కాదని తేల్చుకుంటే చాలు.

ప్రతి బొమ్మ ముక్క మీదా పాత్ర పేరు రాయాలా?

రాయండి, చిన్నగా, అంచు వెంట. సాహిత్యం తెలిసినవాడికి అది అడ్డం కాదు, తెలియనివాడికి అదే ఆధారం. నాటకంలో పాత్రను ఎలా పిలుస్తారో అలాగే రాయండి. సౌజన్యారావు పంతులుకు గౌరవం పెంచాలని కొత్త బిరుదులు చేర్చవద్దు.

## హక్కులు

ఏ రచయితల పుస్తకాలు అనుమతి లేకుండా వాడుకోవచ్చు?

భారత చట్టం ప్రకారం, రచయిత బతికుండగా అచ్చయిన రచన మీద హక్కు ఆయన మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఉంటుంది. గురజాడ 1915లో, వీరేశలింగం 1919లో, చిలకమర్తి 1946లో, అడవి బాపిరాజు 1952లో, ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో మరణించారు. వీరి రచనలు స్వేచ్ఛగా వాడుకోవచ్చు. పుస్తకం పాతది కదా అని మోసపోకండి. ‘బారిష్టర్ పార్వతీశం’ మొదటి భాగం 1920లలోదే, కానీ మొక్కపాటి నరసింహశాస్త్రి 1973లో మరణించారు కాబట్టి 2033 చివరి దాకా వారసుల అనుమతి కావాలి. విశ్వనాథ రచనలకు 2036, చలం రచనలకు 2039, శ్రీశ్రీ రచనలకు 2043 దాకా. ఐరోపా, అమెరికాల్లో లెక్క వేరు, అక్కడ అమ్మాలంటే విడిగా చూసుకోవాలి.

సినిమాలో చూసిన రూపాలతో బొమ్మలు వేస్తే జనం వెంటనే గుర్తుపడతారు కదా?

గుర్తుపడతారు, అదే సమస్య. కన్యాశుల్కం సినిమా 1955లో వచ్చింది, గిరీశంగా ఎన్.టి. రామారావు, మధురవాణిగా సావిత్రి నటించారు. నటుల రూపురేఖలను వ్యాపార వస్తువు మీద వేస్తే కుటుంబ సభ్యుల నుంచి అభ్యంతరం రావచ్చు. బాపు వంటి చిత్రకారుల బొమ్మలు కూడా ఆయన 2014లో మరణించారు కాబట్టి 2074 దాకా రక్షణలో ఉంటాయి. చట్టం పక్కన పెట్టినా, పుస్తకం ఆధారంగా పేక చేస్తానని సినిమా బొమ్మలు దింపడమేమిటి? గురజాడ రాసిన సంభాషణల్లోంచి మనిషిని ఊహించండి.

చిత్రకారుడికి డబ్బు ఇచ్చేశాను. బొమ్మలు ఇక నావే కదా?

రాతపూర్వక ఒప్పందం లేకుండా అలా అనుకోకండి. కాపీ హక్కు బదిలీ రాతలో, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. అందులో గడువు రాయకపోతే ఐదేళ్లకే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అని చట్టం భావిస్తుంది. అమెరికాలోని తెలుగువారికి అమ్మే ఆలోచన ఉంటే ఆ ఒక్క వాక్యం ముందే రాసుకోవాలి. డబ్బు తీసుకున్నా చిత్రకారుడి పేరు వేయాల్సిందే, పెట్టె మీద చోటు లేదని తప్పించుకోకండి.

## అచ్చు

ఏ కొలత మంచిది?

వాడుకలో రెండు ఉన్నాయి. 63 × 88 మిల్లీమీటర్ల పోకర్ కొలత బొమ్మకు ఎక్కువ చోటు ఇస్తుంది, గారడీ చేసేవాళ్లకూ దాచుకునేవాళ్లకూ అదే ఇష్టం. 57 × 88 మిల్లీమీటర్ల బ్రిడ్జి కొలత సన్నగా ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా ఆడేది పదమూడు ముక్కల రమ్మీ. అన్ని ముక్కలు ఒక చేతిలో పట్టాలంటే సన్నవే హాయి.

ఎలాంటి కాగితం అడగాలి?

విజిటింగ్ కార్డులకు వాడే ఆర్ట్ కార్డు వద్దు. వెలుతురులో అవతలి బొమ్మ కనపడుతుంది, నాలుగు రోజుల్లో అంచులు చీలుతాయి. పేక కోసమే చేసే 300, 310 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) కాగితం అడగండి. దాని మధ్యలో నల్లని పొర ఉంటే వెలుతురు దాటదు. పైపూత నునుపుగా కాక సన్నని గుంటలతో ఉంటే ముక్కలు ఒకదానికొకటి అతుక్కోవు. మన ఎండలకు, చెమట చేతులకు ప్లాస్టిక్ ముక్కలే గట్టివి. రంగుల లోతు మాత్రం వాటిలో కొంత తగ్గుతుంది.

ఫైళ్లు ఎలా ఇవ్వాలి?

300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కల స్పష్టత), సీఎంవైకే (అచ్చులో వాడే నాలుగు రంగుల పద్ధతి) రంగులు, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోత గీత దాటి బయటకు పాకించే బొమ్మ), లోపలి వైపు కూడా అంతే ఖాళీ. చిన్న అక్షరాలకు నలుపు ఒక్కటే వాడండి. నాలుగు రంగులు కలిపిన నలుపు కొంచెం జరిగినా ఒత్తులు మసకబారతాయి. 52 ముక్కలు, రెండు జోకర్లు వేశాక షీటులో సాధారణంగా ఒకటి రెండు ఖాళీలు మిగులుతాయి. ఒకదానిలో పాత్రల పట్టిక వేయండి, ఇంకొకటి ఖాళీగా వదలండి.

ఎక్కడ అచ్చు వేయించాలి?

కొద్ది కట్టలైతే హైదరాబాద్, విజయవాడల్లోని డిజిటల్ ప్రెస్సులు చాలు. వందల్లోకి వెళితే ఆఫ్‌సెట్ గిట్టుబాటు, దానికి శివకాశి వైపు చూడవచ్చు. ఎవరినైనా వాళ్లు అంతకుముందు అచ్చు వేసిన పేక ఒకటి చూపించమని అడగండి. కేలండర్లు బాగా వేసేవాళ్లందరికీ ముక్కల కోత రాదు. పెట్టె కొలత కాగితం తేలాకే ఖాయం చేయండి. ముక్క మందం సుమారు 0.3 మిల్లీమీటర్లు అనుకుంటే 54 ముక్కలు 16 మిల్లీమీటర్లు దాటతాయి, కాగితం మారితే పెట్టె బిగుసుకుంటుంది.

అచ్చుకు ముందు నమూనా ఎలా పరీక్షించాలి?

మామూలు కాగితం మీద నలుపు తెలుపుల్లో ప్రింటు తీసి, కత్తిరించి, పాత పేక ముక్కల మీద అతికించండి. రంగు లేకుండానే గుర్తులు తెలిస్తే డిజైను గట్టిది. తరువాత కళ్లజోడు పెట్టుకునే పెద్దవాళ్లతో రమ్మీ ఆడించండి. బొమ్మలు బాగున్నాయా అని అడగవద్దు. ఇస్పేటునూ కళావరునూ ఎన్నిసార్లు తికమకపడ్డారో పక్కన కూర్చుని గమనించండి.

## కట్టలు చేతికి వచ్చాక

రమ్మీకి రెండు కట్టలు కావాలి. రెండు రంగుల్లో వేయనా?

వద్దు. రమ్మీలో రెండు కట్టలూ కలిపేస్తారు, వెనక వైపులు ఒకేలా ఉండాలి. ఒకే రంగులో వేసి, జంటగా కొన్నవారికి కొంత ధర తగ్గించండి.

పేక అమ్మితే చట్టపరంగా ఇబ్బంది ఉందా?

పేక ముక్కలు తయారు చేయడం, అమ్మడం నేరం కాదు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని సుప్రీంకోర్టు 1968లోనే చెప్పింది, అదీ ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో. డబ్బు పెట్టి ఆడటం మీద మాత్రం తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలను బిగించాయి. కాబట్టి మీ ప్రకటనల్లో పందెం వాసన రానివ్వకండి.

ఒక ముక్క పోయింది, అదొక్కటే పంపమని అడుగుతున్నారు. పంపవచ్చా?

అదే విడతలో అచ్చయినదైతే పంపండి. వేరే విడతదైతే వెనక వైపు రంగు కొద్దిగా తేడాగా ఉంటుంది, కొత్త ముక్క మెరుస్తుంది, ఆటలో అందరూ దాన్ని దూరం నుంచే పట్టేస్తారు. ప్రతి విడతలోనూ కొన్ని కట్టలు అమ్మకుండా విప్పి ఉంచుకోండి, పెట్టె మీద విడత సంఖ్య వేయండి. అడిగినవాళ్లకు ముందుగా చెప్పాల్సింది ఇది: పెట్టెలో ఖాళీ ముక్క ఒకటి ఉంది, పెన్నుతో రాసుకుని ఈ రాత్రికి ఆట కానివ్వండి.